నేల శుద్ధి పద్ధతుల్లో ఏది సుస్థిరం? కార్బన్ లెక్క ఒక్కటే చూస్తే చాలదు

పాత పెట్రోల్ నిల్వ స్థలంలో మట్టిని తవ్వి తరలించాలా, భూగర్భజలాన్ని తోడి శుద్ధి చేయాలా, బ్యాక్టీరియాకే పని అప్పగించాలా, కార్బన్ ఉద్గారాలు తక్కువున్నది ఎంచుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఇలాంటి స్థలంలోనే కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి మేం ఎక్కడ పొరబడ్డామో చెబుతాను.

ముందు ప్రమాదం సంగతి తేలాలి. కాలుష్యం ఎక్కడుంది, ఏ దారిన కదులుతోంది, ఎవరికి చేరుతోంది? ఆ ముప్పును తగ్గించలేని పద్ధతి ఎంత చౌకైనా, ఎంత తక్కువ కరెంటు వాడినా దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు.

మేం నీళ్లు తోడే పద్ధతి ఎంచుకున్నాం. మొదటి ఏడాది పెట్రోల్ బాగా బయటికొచ్చింది. తర్వాత కరెంటు ఖర్చు అంతే, వచ్చేది మాత్రం నానాటికీ తగ్గింది. ఇసుక పొరల్లోది త్వరగా వచ్చేసింది. బంకమట్టిలోకి ఇంకినది మాత్రం కొద్దికొద్దిగా బయటపడుతోంది. పంపు ఆపిన కొన్ని నెలలకే నీళ్లలో బెంజీన్ (పెట్రోల్‌లో ఉండే విష రసాయనం) మళ్లీ పెరిగేది. మా అసలు తప్పు పంపు ఎన్నేళ్లు తిరగాలన్న అంచనాలో ఉంది. ఆ అంకె ఆశతో వేసుకున్నది. సుస్థిరత లెక్క మొత్తం దాని మీదే నిలబెట్టాం.

చివరికి కిలో కాలుష్యం తీయడానికి ఎన్ని యూనిట్ల కరెంటు పడుతోందో నెలనెలా గీశాం. ఆ గీత చూశాక ఎవరూ వాదించలేదు. పంపులు ఆపి భూమిలోకి గాలి పంపాం. బంకమట్టి నుంచి మెల్లగా వచ్చేదాన్ని ఇసుక పొరలోనే బ్యాక్టీరియా తినేసేలా ఆక్సిజన్ అందించాం. పరిశీలన బావుల్లో నమూనాలు తీయడం మాత్రం మానలేదు.

దీన్ని అన్నిచోట్లా వాడేయకండి. సీసం లాంటి లోహాలను ఏ బ్యాక్టీరియా విరగ్గొట్టలేదు. లోహాల జిడ్డు వదిలించే ద్రావకం ట్రైక్లోరోఎథిలీన్ విచ్ఛిన్నం మధ్యలో, దానికన్నా విషపూరితమైన వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోతే ముందుకన్నా ముప్పు పెరుగుతుంది. కాలుష్యం చిన్న గుంతకే పరిమితమైతే తవ్వి తీసేయడమే మేలు కావచ్చు, లారీల పొగ లెక్కలోకి వచ్చినా సరే.

పద్ధతులను పోల్చడానికి సర్ఫ్-యూకే చట్రం (నేల శుద్ధి సుస్థిరతను అంచనా వేసే బ్రిటన్ మార్గదర్శకం, 2010) నాకు బాగా పనికొచ్చింది. పర్యావరణం, సమాజం, ఆర్థికం, ఒక్కోదాని కింద 5 చొప్పున మొత్తం 15 అంశాలు. మొదట మాటల్లో పోల్చి చూడండి. తేలకపోతేనే మార్కులు, అప్పటికీ తేలకపోతే జీవితచక్ర విశ్లేషణ, అంటే మొదటి నుంచి చివరి దాకా పర్యావరణంపై పడే భారం మొత్తం లెక్కకట్టడం. సుస్థిర నేల శుద్ధి మీద వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 18504:2017 కూడా చదవండి. ఏ అంశానికి ఎంత బరువు ఇవ్వాలో ఇంజనీర్లే తేల్చేయకూడదు. రాత్రిళ్లు మా పంపుల మోతకు పక్కిళ్లవాళ్లకు నిద్ర ఉండేది కాదు. మా పట్టికలో ఆ మోతకు గడే లేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది. బరువులు కాస్త మార్చి చూడండి. మొదటి స్థానం తారుమారైతే ఆ ఫలితాన్ని ఇంకా నమ్మవద్దు.

మీ బోరు నివేదికల్లో బంకమట్టి పొరలు ఎంత మందాన ఉన్నాయో చెప్పగలరా? తోడే పద్ధతి మీకు పనికొస్తుందో లేదో అక్కడే చాలావరకు తెలుస్తుంది.