కిటికీ తీస్తే పొగ, మూస్తే ఉక్క: ఏది మేలు?

కిటికీలు తీస్తే పొగ వస్తోంది, మూస్తే గది ఉడికిపోతోంది, ఏసీ లేదు, ఇంట్లో డెబ్బై దాటిన నాన్నగారున్నారు అన్నారు కదా. రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే ముందు వేడి సంగతి చూడండి. ఆ వయసులో వడదెబ్బ గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

అయినా రోజంతా ఒకే పద్ధతి అక్కర్లేదు. గాలి నాణ్యత సూచీని గంటగంటకూ చూస్తూ, అది తగ్గి, బయట లోపలికన్నా చల్లగా ఉన్న వేళ కిటికీలు తీయండి. మిగతా సమయం మూసేసి, ఎండ పడే వైపు పరదా కట్టండి, వీలైతే బయటివైపే. తెల్లవారుజామున గాలి శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం వద్దు. గాలి కదలని రోజుల్లో పొగ నేలకు దగ్గరగానే నిలిచిపోతుంది. ఓజోన్ (ఎండకు గాలిలోని కాలుష్యం నుంచి పుట్టి ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు) మాత్రం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ.

గది 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాన్ వేడిగాలినే ఒంటికి కొడుతుంది. దాన్ని నమ్ముకోకుండా చేతులు, మెడ, పాదాలు తరచూ తడుపుతూ ఉండండి. రోజులో కొన్ని గంటలు నాన్నగారిని ఏసీ ఉన్నచోట కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది.

గుడ్డ మాస్క్ సన్నటి కణాలను పెద్దగా ఆపదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 ఆపుతుంది, ఓజోన్‌ని కాదు.

ఆయన బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడుతుంటే ఎంత నీళ్లు తాగాలో డాక్టర్‌ని అడగండి, మాత్రలు మీరే ఆపేయకండి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా వెంటనే అంబులెన్స్ పిలిచి, అది వచ్చేలోపు ఒళ్లంతా తడిపి గాలి విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు.