కాటాని నమ్మకు తల్లీ

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగానికి సెలవు పెట్టి, బ్లడ్ కాన్సర్ వైద్యానికి బాబుని తీసుకుని హైదరాబాదులో ఆసుపత్రి పక్కనే గదిలో ఉంటావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గుండె గుభేలుమంది. నా చేతుల్లో పెరిగిన పిల్లకి ఇంత నిబ్బరం ఎప్పుడొచ్చిందో అనుకుని మురిసిపోయాను కూడా.

చేతుల శుభ్రం, వేడి వేడి తిండి సంగతి నీకు తెలుసు. జ్వరం 100.4 దాటితే మటుకు తెల్లారనీ అనుకోకు, ఆ అర్ధరాత్రే పరుగెత్తు.

నా బెంగంతా వాడి కండ గురించే. మా చిన్నాడికి పదో ఏట ఇదే బ్లడ్ కాన్సర్ కదా. మొదటి నెలంతా స్టెరాయిడ్లు. ఎక్కడలేని ఆకలి, రాత్రి రెండింటికి లేచి పెరుగన్నం అడిగేవాడు. బుగ్గలు బూరెల్లా పొంగాయి. కాటా మీద రెండు కిలోలు పెరిగాడని గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చాను. మంచం దిగనిచ్చేదాన్ని కాదు, బాత్రూముకి కూడా ఎత్తుకునే తీసుకెళ్లేదాన్ని. పెరిగినదంతా కొవ్వూ నీరూనట. ఆ మాత్రలు తొడల్లో కండని కరిగించేస్తుంటే, మిగిలింది నేను మంచానికి అప్పగించాను. ఓ మధ్యాహ్నం పీట మీద అన్నం తిని లేవబోయాడు, లేవలేకపోయాడు. మోకాళ్ల మీద చేతులూని, తన తొడలే పట్టుకుని పైకి ఎగబాకాడు. నా వంక చూసి నవ్వబోయి ఏడ్చేశాడు.

నడుస్తుంటే కుడి చెప్పు జారిపోయేది. "కాలెత్తి నడవరా" అని కసిరాను. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వల్ల నరాలు దెబ్బతిని పాదం వాలిపోతోందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఆ కసురు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. వాడు మళ్లీ మేడ మెట్లు ఎక్కడానికి ఏడాది పట్టింది.

అందుకే చెబుతున్నా, నీ బాబు నేల మీంచి ఎలా లేస్తున్నాడో రోజూ చూడు. చెప్పు జారితే అదే రోజు డాక్టరుకి చెప్పు, మందు నీ అంతట నువ్వు ఆపకు. ఫిజియోథెరపీ మొదటి వారంలోనే అడుగు. ఓపికున్న రోజు వరండాలో నడిపించు. ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజు గెంతులొద్దు, డాక్టరు సరేనంటే మంచం అంచున కూర్చోబెట్టి లేపు. గుడ్డు గట్టిగా ఉడకనీ. వాంతులప్పుడు ముద్దపప్పన్నం గంటకి రెండు ముద్దలైనా పెట్టు.

నువ్వూ తిను, పిల్లాడు మిగిల్చిందే భోజనం అనుకోకు.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. ఆ పీట తెస్తున్నాను.

మీ పెద్దమ్మ