చారడేసి కళ్ళంటే ఎంత కళ్ళు?

ప్రశ్న: మా మేనకోడలు పుట్టినప్పుడు మా అమ్మమ్మ "చారడేసి కళ్ళే దీనికి" అని మురిసిపోయింది. చారెడు అంటే బియ్యానికీ మెంతులకీ వాడే కొలత కదండీ, కళ్ళకి ఎలా వాడతాం? సోగకళ్ళు, వాలుకళ్ళు కూడా ఇదేనా? అసలు పెద్ద కళ్ళంటే అందరికీ అంత ఇష్టం ఎందుకు? (ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

సమాధానం: మీ అమ్మమ్మగారిది చక్కటి తెలుగమ్మా, అందులో తప్పేం లేదు. చేర అంటే కాస్త గుంటగా పట్టిన అరచెయ్యి, అందులో పట్టేది చేరెడు, అదే మన నోట్లో చారెడు అయింది. గుప్పెడు, దోసెడు, గంపెడు అన్నీ ఇలా పుట్టినవే. చివర్న ఉన్న "ఏసి"కి ఒక్కొక్కటీ అంత అని అర్థం, మనిషికి రెండేసి ఇడ్లీలు అంటాం చూడండి, అలా. అంటే ఒక్కో కన్నూ ఒక్కో చారెడు అన్నమాట! అతిశయోక్తే, కానీ పాప మొహం పక్కన మీ అరచెయ్యి పెట్టి చూడండి, ఆవిడ ఎందుకలా అన్నదో తెలుస్తుంది.

నిజానికి పసిపిల్లల కళ్ళు మొహానికి పెద్దవే. పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యాక 24 దాకా వస్తుంది, అంటే మనిషి మూడింతలకి పైగా ఎత్తు పెరిగినా కన్ను మాత్రం సగం కూడా పెరగదు. పెద్ద కళ్ళు, పెద్ద నుదురు, బూరెబుగ్గలు కనిపిస్తే మనకి ముద్దు చేయాలనిపిస్తుందని కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1943లో రాశాడు. పెద్దవాళ్ళలో కూడా పెద్ద కళ్ళు నచ్చడానికి ఇదొక కారణం అంటారు, నాకూ అది సబబుగానే అనిపిస్తుంది.

ఇంకోటి కంటిపాప. 1960ల్లో ఎకార్డ్ హెస్ అనే సైకాలజిస్ట్ ఒకే అమ్మాయి ఫొటోని రెండు రకాలుగా చేసి, ఒకదాంట్లో కంటిపాపలు పెద్దవి చేసి మగవాళ్ళకి చూపించాడు, తేడా ఏంటో చెప్పలేకపోయినా దాన్ని చూసినప్పుడే వాళ్ళ కంటిపాపలు ఎక్కువ విప్పారాయి. ఇటలీలో ఒకప్పుడు ఆడవాళ్ళు దీనికోసమే ఓ విషపు మొక్క రసం కళ్ళలో వేసుకునేవాళ్ళట, ఆ మొక్క పేరే బెల్లడొనా, అంటే అందగత్తె. చూపు మసకబారేది పాపం. మన ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టిన కాటుక అలా కంటిపాపని పెద్దది చెయ్యదు, నల్లటి అంచు గీసి తెల్లగుడ్డుని ఇంకా తెల్లగా చూపిస్తుంది. నల్లగుడ్డు చుట్టూ పుట్టుకతో ఉండే ముదురు అంచు కూడా మొహానికి అందం ఇస్తుందని 2011లో ఒక పరిశోధనలో తేలింది, వయసు మీద పడేకొద్దీ ఆ అంచు పలచబడుతుంది.

ఇక సోగ అంటే పొడుగు, సోగకళ్ళంటే చెవుల వైపు సాగినట్టుండే కళ్ళు. వాలు అన్నా నిఘంటువుల్లో పొడుగనే అర్థం ఉంది గానీ ఇవాళ మాటల్లో వాలుకళ్ళు అనగానే ఓరచూపే గుర్తొస్తుంది, కాబట్టి పసిపాపకి ఆ మాట నప్పదు. ఆశ్చర్యంతో విప్పార్చిన కళ్ళైతే మన గుంటూరు వైపు పత్తికాయల్లా అంటారు, అది అందం గురించి కాదు. మిడిగుడ్లు అని మాత్రం ఎవర్నీ అనకండి, అది తిట్టే. చారడేసి మగపిల్లాడికీ వాడొచ్చు, కానీ ఒక్క కంటి గురించే చెప్తే "ఏసి" తీసేసి చారెడంత కన్ను అనాలి.