స్కోప్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. లక్ష రూపాయల లోపు దొరికే మధ్యరకం స్పాటింగ్ స్కోప్ (దూరపు పిట్టలను చూసే ఒంటి గొట్టపు దుర్భిణి) ఇప్పుడే తీసుకోవాలా, లేక ఇంకో రెండేళ్ళు కూడబెట్టి మూడు లక్షలు దాటే ఆస్ట్రియా కంపెనీ స్వరోవ్‌స్కీదో జపాను కంపెనీ కోవాదో కొనాలా అని అడిగావు. నా మాట ముందే చెప్పేస్తాను: 80 మిల్లీమీటర్ల వ్యాసం గల ముందు కటకం ఉన్న మధ్యరకం స్కోప్‌ను ఈ శీతాకాలంలోనే కొను. అయితే దానిని బ్రాండు చూసి కాదు, నీ చేతికి వచ్చిన ఆ ఒక్క గొట్టాన్ని పరీక్షించి కొను. ఎందుకో వివరంగా రాస్తాను.

ఖరీదైన దానిలో గొప్పతనం లేదని మాత్రం అనుకోవద్దు. రెండు చలికాలాల క్రితం కొండకర్ల ఆవ అనే సరస్సు గట్టున ఒక మిత్రుడి ఆస్ట్రియా స్కోప్‌ను, నా మధ్యరకం స్కోప్‌ను పక్కపక్కన నిలబెట్టి, తామరాకుల అవతల నిలుచున్న ఒకే తెల్లకొంగను మార్చి మార్చి చూశాము. నా దానిలో 25 రెట్ల దగ్గర కొంగ చక్కగానే ఉంది. 50కి పెంచేసరికి మెడ ఒంపు వెంట ఒక పక్క ఊదారంగు, మరో పక్క లేత ఆకుపచ్చ సన్నని అంచు కట్టింది. అతని దానిలో తెలుపు తెలుపుగానే ఉండి, ఈకకూ ఈకకూ మధ్య నీడ కూడా కనిపించింది. ఒక్కో రంగు కాంతి గాజులో ఒక్కో మేరకు వంగడం వల్ల, రంగులన్నీ ఒకే చోట కేంద్రీకృతం కాక ఆ అంచు పుడుతుంది. దానిని తగ్గించడానికే ఈడీ గాజును (రంగులను తక్కువగా విడదీసే ప్రత్యేకమైన గాజు), కోవా 883 వంటి వాటిలో ఏకంగా ఫ్లోరైట్ స్ఫటికాన్ని వాడతారు. ఇక్కడొక మెలిక ఉంది: గొట్టం మీద ఈడీ అనో హెచ్‌డీ అనో అచ్చువేసినంత మాత్రాన అన్నీ ఒకే స్థాయి గాజులు కావు. హెచ్‌డీ అనేది చాలావరకు అమ్మకపు మాటే.

ఖరీదైన దానిలో నన్ను నిజంగా ఊరించింది మాత్రం ఐపీసు, అంటే కన్ను ఆనించే వైపు కటకం. సాధారణ 20-60 జూమ్ 20 రెట్ల దగ్గర, వెయ్యి మీటర్ల దూరంలో సుమారు 35 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. స్వరోవ్‌స్కీ 85 మిల్లీమీటర్లది 25 రెట్ల దగ్గరే 41 మీటర్లు చూపిస్తుంది. అంటే పిట్ట మరింత పెద్దదిగా కనిపిస్తూనే, దాని చుట్టూ గుంపు కూడా కంటికి అందుతుంది. ఎగిరి పక్కకు వాలిన పిట్ట కోసం వెతుకులాట తగ్గుతుంది. నీలా కళ్ళద్దాలు పెట్టుకునేవారికి కంటిని ఐపీసుకు కాస్త దూరంగా ఉంచినా వలయం మొత్తం కనిపించడం అవసరం. కొనేముందు అద్దాలతోనే చూడు. అంచులు కోసుకుపోయినట్లు కనిపిస్తే అది నీకు పనికిరాదు, ధర ఎంతైనా సరే.

ఇక వెలుతురు సంగతి. కటకపు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 80ని 20తో భాగిస్తే 4 మిల్లీమీటర్లు, 60తో భాగిస్తే 1.3 మిల్లీమీటర్లు. ఈ లెక్కను ఏ కంపెనీ డబ్బూ మార్చలేదు. పూతలు ఎంత మేలైనవైనా కొద్ది శాతమే కలిసివస్తుంది. 65 కటకం కంటే 80 కటకం ఒకటిన్నర రెట్లు కాంతిని పోగుచేస్తుంది కనుక, పొద్దుగూకే వేళ ఖరీదైన చిన్న స్కోప్ కంటే మధ్యరకం పెద్ద స్కోప్ వెలుతురులో వెనుకబడదు.

మన విశాఖ గాలి గురించి చెప్పకపోతే ఈ లెక్కలన్నీ కాగితం మీదివే అవుతాయి. భీమిలిలో గోస్తని నది కడలిలో కలిసే చోట, నీటి అంచున మేసే ఉల్లంకి పిట్టలను చూడాలని నువ్వు రాశావు. తెల్లవారి ఆరున్నర నుంచి గంటన్నర, రెండు గంటలు అక్కడ అద్దంలా కనిపిస్తుంది. ఇసుక వేడెక్కాక పిట్ట కాళ్ళు నీళ్ళలో కదిలే నీడల్లా వణుకుతాయి, 60 రెట్లు పెట్టినకొద్దీ ఆ వణుకే పెద్దదవుతుంది. కైలాసగిరి మీద నుంచి లంగరు వేసిన ఓడ పేరు చదవబోయినా మధ్యాహ్నం అదే పరిస్థితి. అప్పుడు మూడు లక్షల గాజూ, డెబ్బై వేల గాజూ ఒకే తూకం. నువ్వు సెలవు రోజున తొమ్మిదింటికి బయలుదేరే మనిషివి, ఆ సంగతి నాకు తెలుసు.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. మధ్యరకంలో ఒకే మోడలుకు చెందిన రెండు గొట్టాలు కూడా ఒకలా ఉండవు. నేను మొదటిది దుకాణం లోపలి గోడమీద క్యాలెండరు అంకెలను చూసి కొన్నాను. ఇంటికొచ్చి దూరంగా చూస్తే కుడి సగం ఎప్పుడూ మసకే, తిరిగి తీసుకోవడానికి ఆ దుకాణదారు ఒప్పుకోలేదు. అందుచేత బయటికి తెచ్చి, దూరపు విద్యుత్ స్తంభం మీది పింగాణీ ఇన్సులేటర్‌పై మెరిసే ఎండ చుక్కను 60 రెట్లలో చూడు. ఫోకస్ ఒక్క చోట ఠక్కున తేటపడాలి. ఇటు తిప్పినా అటు తిప్పినా ‘ఇదేనేమో’ అనిపిస్తూ ఉంటే దానిని వదిలెయ్యి. వీలైతే రాత్రి ఒక నక్షత్రాన్ని పెట్టి, ఫోకస్‌ను కొద్దిగా అటూ ఇటూ తప్పించు. రెండు వైపులా గుండ్రని, ఒకే కేంద్రం గల వలయాలు రావాలి. వలయాలు ఒక పక్కకు జరిగినా, ముక్కోణంలా కనిపించినా కటకాలు సరిగ్గా కూర్చోలేదన్నమాట.

ట్రైపాడ్ కోసం నీ డబ్బులో నాలుగో వంతు పక్కన పెట్టు. సముద్రపు గాలికి సన్నకాళ్ళ స్టాండు మీద ఎంత మంచి స్కోపూ ఊగిపోతుంది. వీడియో కెమెరాలకు వాడే, నున్నగా తిరిగే తల (హెడ్) ఉన్నదే తీసుకో. కొండకర్లలో తాటిదోనె ఎక్కేటప్పుడు మాత్రం స్కోప్ గట్టు మీదే ఉంచి బైనాక్యులర్లతో వెళ్ళు.

లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపి మూసిన స్కోప్‌నే ఎంచుకో. ఉప్పు గాలి తగిలిన కటకాన్ని పొడి గుడ్డతో రుద్దకు, ముందు మంచినీటితో కడుగు. తోలు పెట్టెలో పెట్టి బీరువాలో దాచావంటే మన తేమకు బూజు పడుతుంది. సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో ఉంచు. ఇంకొక మాట, నౌకాదళం స్థావరాల వైపు ఆ గొట్టాన్ని ఎప్పుడూ తిప్పకు. పిట్టల కోసమని చెప్పినా వినిపించుకునే చోటు కాదది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీకు నచ్చిన రెండు మోడళ్ళ పేర్లు రాసి తీసుకురా. ముడసర్లోవ జలాశయం దగ్గరికి తెల్లవారకముందే వెళదాము. నా పాత స్కోప్ వెంట తెస్తాను, దానితో పోల్చి చూసి తేల్చుకుందువుగాని.

నీ మామయ్య,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం