గడ్డి పీకే ముందు కాగితం పెట్టు

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్న మొదటి వేసవికే నీళ్ల బిల్లు చూసి బెంబేలెత్తావని, ఇంటి ముందున్న గడ్డి అంతా పీకించి కంకర పోయిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నాన్నా, ఈ ఉత్తరం చదివేదాకా పార ముట్టుకోకు.

నేను సరిగ్గా ఆ పనే చేశాను. మా ఇంటి ముందు గడ్డి తీయించి, తెల్ల కంకర పరిపించి, మధ్యలో నాలుగు కాక్టస్‌లు నాటాను. ఎవరినీ అడగలేదు. మూడు వారాలు తిరక్కుండానే హెచ్‌ఓఏ, అంటే మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం నుంచి నోటీసు వచ్చింది. నీళ్లు ఆదా చేస్తుంటే ఆపడానికి వీళ్లెవరని మండిపడ్డాను. తరువాత చట్టం తీసి చదివితే తెలిసింది, అది మొక్కల పక్షాన ఉంది కానీ కంకర పక్షాన లేదని. పరిచిన రాయంతా మళ్లీ డబ్బిచ్చి ఎత్తించాను.

ఆ చట్టం టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లోని 202.007 సెక్షన్. కరువును తట్టుకునే మొక్కలు, తక్కువ నీటితో బతికే సహజమైన గడ్డి వేసుకుంటామంటే హెచ్‌ఓఏ నిషేధించకూడదని 2013లో అందులో చేర్చారు. డ్రిప్ పైపులకూ, వాన నీటి పీపాలకూ రక్షణ ఉంది. పీపాను మాత్రం ఇంటి ముఖానికీ వీధికీ మధ్య పెట్టకు, పక్కకో వెనక్కో పెట్టు. కంకర, రాళ్లు, కాక్టస్‌ల విషయంలో నిబంధనలు పెట్టే హక్కును అదే సెక్షన్ వాళ్లకు వదిలేసింది. ముందుగా ప్లాన్ చూపించమనే హక్కు కూడా వాళ్లకు ఉంది. అయితే చూపించాక సరైన కారణం లేకుండా కాదనకూడదు.

అందుకని నీ బలమంతా ఆ ప్లాన్‌లోనే ఉందనుకో. గళ్ల కాగితం మీద ఇల్లు, నడకదారి, చెట్టు, కొలతలతో సహా గీయి. ఏ మొక్క ఎక్కడ వస్తుందో, పూర్తిగా పెరిగాక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉంటుందో పక్కనే రాయి. ప్లాన్ చూసే హెచ్‌ఓఏ కమిటీలో ఉన్నవాళ్లూ మనలాంటి ఇరుగుపొరుగే. ఎండిపోయిన మడి పక్కన తమ ఇంటి ధర ఎక్కడ పడిపోతుందోనని వాళ్ల భయం. నాటిన మూడేళ్లకు ఎలా ఉంటుందో చూపించే ఫొటో ఒకటి జతచేస్తే సగం భయం తీరుతుంది. మొత్తం గడ్డి తీసేయకుండా కాలిబాట వెంట ఒక పట్టీ ఉంచు, అంచులు శుభ్రంగా కట్టించు. నా రెండో దరఖాస్తు అలాగే గట్టెక్కింది. అనుమతి రాతపూర్వకంగా చేతికి వచ్చాకే పని మొదలుపెట్టు. కాదంటే కారణం రాసివ్వమను. ఆ నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజుల్లోగా హెచ్‌ఓఏ బోర్డు ముందు విచారణ కోరవచ్చు.

ఇక నేల సంగతి. మీ దగ్గరి మట్టి మన గుంటూరు నల్లరేగడికి తోబుట్టువే. ఆగస్టులో వేలు దూరేంత బీటలు తీస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది. ఆ కదలికకు ఇంటి పునాది పగుళ్లిస్తుంది. కాబట్టి నీళ్లు ఆదా చేయాలని గోడల వెంట తడి పూర్తిగా ఆపేయకు. గోడకు అడుగున్నర దూరంలో ఒక డ్రిప్ పైపు వేసి నేలలో తేమ ఒకే తీరుగా ఉండేలా చూడు. ఆదా చేయాల్సింది ముందున్న గడ్డి మీద. 1,000 చదరపు అడుగుల గడ్డికి ఒక్క అంగుళం నీరు పెట్టడానికే 623 గ్యాలన్లు కావాలి.

మొక్కల్లో నాకు బాగా నచ్చింది టెక్సాస్ సేజ్. బూడిద రంగు ఆకులతో మామూలుగా ఉంటుంది, వాన కురిసిందంటే నాలుగు రోజుల్లో ఒళ్లంతా ఊదా పూలే. దాని ముందు రెడ్ యుక్కా, గల్ఫ్ మ్యూలీ గడ్డి పెట్టుకో. లాంటానా కూడా మంచిదే. 2021 ఫిబ్రవరి మంచుకు మా ఇంట్లోది నేలమట్టమైంది, చచ్చిందనుకుని వదిలేస్తే వసంతంలో వేరు నుంచి చిగురించింది.

బెర్ముడా గడ్డి అయితే మాత్రం మొండిది. వేళ్లలో ముక్క మిగిలినా తిరిగి వస్తుంది, ఎండాకాలమంతా వెంటపడి తీయాలి. అక్టోబరు, నవంబరులో నాటు. మూడు అంగుళాల మందాన చెక్క పేళ్లు పరుచు, కాండానికి తగలనివ్వకు. కరువును తట్టుకునే మొక్క కూడా వేరు పట్టేదాకా పసిబిడ్డే. మొదటి ఏడాది నీళ్లు మానేస్తే ఎండిపోతుంది, నీ దరఖాస్తుకు ఓటేసిన కమిటీయే మళ్లీ నోటీసు పంపుతుంది.

ప్లాన్ గీశాక దాఖలు చేసే ముందు ఫొటో తీసి నాకు పంపు. మా పెరట్లో రెడ్ యుక్కా పిలకలు చాలా ఉన్నాయి. దసరాకు అందరూ వచ్చినప్పుడు తవ్వి ఇస్తాను, డబ్బాలు తెచ్చుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ