అంబాసిడర్ ముందు చక్రాల ఎలైన్‌మెంట్ ఇంట్లో చేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: శ్రీకాకుళంలో నాన్నగారి పాత అంబాసిడర్‌కి టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ని ముందు చక్రాలకి కలిపే కడ్డీల చివరి కీళ్లు) మార్పించారు. అప్పటి నుంచి బండి ఎడమకి లాగుతోంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతోంది. షాపుల్లో ఎలైన్‌మెంట్ (చక్రాలు చూసే దిశని సరిచేయడం) అడిగితే ఈ మోడల్ కంప్యూటర్లో లేదంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చండి. విజయనగరంలో మా ఇంటి పోర్టికోలో మా 1986 మార్క్ 4కి నేనే చేసుకున్నాను. కానీ రెంచీ పట్టేముందు లూజు ఎక్కడుందో చూడండి. నేను మొదట ఒక షాపులో చేయించాను. కింగ్ పిన్ (ముందు చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఆధారంగా ఉండే పిన్ను) అరిగిపోయి ఉంటే వాళ్లు అది చూడకుండానే రాడ్లు తిప్పి పంపేశారు. కొత్త టైరు బయటి అంచు ఆ వానాకాలం దాటకుండానే నున్నగా అయిపోయింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద ఆనించండి. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే ఇంట్లో ఎవరినైనా బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే లూజు మాయమైతే బేరింగు, ఇంకా ఉంటే కింగ్ పిన్. ఇటూ అటూ పక్కల పట్టుకుని ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్లో, స్టీరింగ్ ర్యాకో (స్టీరింగ్ తిప్పితే ఆ కడ్డీలని పక్కలకి నెట్టే భాగం) చూడాలి. లూజు తీయకుండా ఎన్నిసార్లు సరిచేసినా ఆ కొలత నిలవదు. చక్రాలు గాల్లో ఉండగానే నిప్పిళ్లకి (గ్రీజు ఎక్కించే చిన్న మూతులకి) గ్రీజు కొట్టేయండి. బరువు లేనప్పుడే గ్రీజు లోపలికంటా వెళ్తుంది.

టైరు కూడా చెబుతుంది. అరచేత్తో టైరు బయటి అంచు నుంచి లోపలికి నిమరండి. అటు నున్నగా ఉండి, తిరిగి బయటికి వచ్చేటప్పుడు చేతికి గరుగ్గా తగిలితే ముందు చక్రాలు మరీ లోపలికి తిరిగి ఉన్నట్టు. దానికి వ్యతిరేకంగా ఉంటే బయటికి తిరిగి ఉన్నట్టు.

ఇక కొలత. నేల మట్టంగా ఉండాలి, నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. లేపిన చక్రాన్ని తిప్పుతూ టైరు మధ్యలో చుట్టూ చాక్‌పీసు పూసి, చెక్కకి కొట్టిన మేకుని కదలకుండా ఆనించి పట్టుకోండి. వెంట్రుకంత సన్నని గీత పడుతుంది. రెండో చక్రానికీ అంతే. బండి దింపి, ముందుకీ వెనక్కీ రెండు బారలు తోయండి. లేపి దింపిన చక్రం వెంటనే తన చోట కూర్చోదు, ఈ పని మానేస్తే కొలత తప్పొస్తుంది. తర్వాత ఇరుసు ఎత్తులో, టైర్ల ముందు వైపు ఆ గీతల మీద ఒక్కో గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. బండిని మెల్లగా ముందుకు తోసి, అవే గుర్తులు వెనక వైపు అదే ఎత్తుకి వచ్చాక మళ్లీ కొలవండి. మధ్యలో ఇంజను అడ్డొస్తుంది కాబట్టి నేను తాపీ మేస్త్రి దగ్గర గుండు దారం అడిగి తెచ్చుకుని, గుర్తుల నుంచి నేల మీదకి వదిలి, అక్కడ కొలిచాను. ముందు కొలత వెనకదానికంటే కాస్త తక్కువ రావాలి. నా బండికి 2 మి.మీ. తేడా ఉంచాను. మీరు మీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెనే పట్టుకోండి.

మీ స్టీరింగ్ వంకరకి కారణం, ఎండ్లు మార్చేటప్పుడు పాతవాటి మరలు లెక్కపెట్టకుండా ఎక్కించడమే అని నా అనుమానం. స్టీరింగ్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపండి. అక్కడ రెండు వైపులా టై రాడ్ల మీద బయటికి కనిపించే మరలు సమానంగా ఉన్నాయా చూడండి. లేకపోతే ముందు వాటిని సమానం చేయండి. ఆ తర్వాత లాక్ నట్లు వదులు చేసి, రబ్బరు బూటు మెలి పడకుండా దాని క్లిప్పు కూడా వదులు చేసి, రెండు వైపుల టై రాడ్లనీ సమానంగా తిప్పండి. ఎటు తిప్పితే ఎటు పోతుందో ఊహించొద్దు. అర చుట్టు తిప్పి, బండి తోసి, కొలవండి. నాకు ఒక ఆదివారం పొద్దంతా పట్టింది.

టార్షన్ బార్ (ముందు చక్రాలకి స్ప్రింగులా పనిచేసే ఇనప కడ్డీ) జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి. ముందు భాగం ఒక పక్కకి కుంగి ఉంటే అది అంబాసిడర్ చేయి తిరిగిన మెకానిక్ పని. ఆ బారులో మెలి తిరిగి ఉన్న బలం మనిషి చెయ్యి విరిచేస్తుంది.

అంతా బిగించాక నేను నెల్లిమర్ల మీదుగా రామతీర్థం దాకా నడిపి చూశాను. మన రోడ్లు ఎడమ అంచుకి వాలి ఉంటాయి కాబట్టి స్టీరింగ్ వదిలితే కొంచెం ఎడమకి జారడం మామూలే. గట్టిగా లాగితే మాత్రం దిగి ముందు బ్రేకు డ్రమ్ముల దగ్గరికి చేయి పోనిచ్చి చూడండి, తాకొద్దు. ఎడమది కుడిదానికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందన్నమాట, ఎలైన్‌మెంట్ తప్పు కాదు. వేడి సమానంగా ఉంటే ముందు టైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. లాగడం కుడికి మారితే టైరుదే దోషం.

ముందూ వెనకా వచ్చిన కొలతలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.