మంచులో కథకి ఖాళీ మైదానం కాదు, వదిలేసిన ఊరు కావాలి

మీ హీరో మంచులో ఇరుక్కున్నాడు, కానీ చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేక మూడో అధ్యాయానికే కథ ఆగిపోయిందన్నారు కదా, అతన్ని మనుషులు వదిలేసిన ఊళ్లో పెట్టి చూడండి. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో పిరమిడెన్ అని రష్యన్ల బొగ్గుగని ఊరుంది. 1998లో గని మూసేశారు, జనం వెళ్లిపోయారు, భవనాలు అలాగే నిలబడి ఉన్నాయి. వేసవిలో ఆ కిటికీ అంచుల మీద సముద్రపక్షులు గూళ్లు కడతాయి. చలికాలంలో అవీ ఉండవు, అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడే కనిపించడు. ఇప్పుడు పర్యాటకులు వస్తున్నారు కాబట్టి కథాకాలం ఊరు ఖాళీ అయిన తొలి ఏళ్లలో ఉంటే మంచిది.

అసలు టెన్షన్ మంట దగ్గరుంది. అక్కడ కట్టెలకు చెట్లే లేవు, కుర్చీ కాళ్లు, నేలపలకలు విరగ్గొట్టాల్సిందే, ఆ పనికి చెమట పడుతుంది, చేతులు ఆగగానే ఆ తడి బట్టల్లోనే వణుకు మొదలవుతుంది. దాహమేసి మంచు తింటే ఒంట్లో వేడి ఇంకా పోతుంది. తడి చేత్తో ఇనప గడియ పట్టుకుంటే చర్మం అతుక్కుపోతుంది, ఆ ఒక్క క్షణం మీదే పేజీ రాయొచ్చు. ధ్రువపు ఎలుగుబంట్లు అక్కడ నిజంగానే తిరుగుతాయి, కానీ తొందరపడి చూపించకండి, ముందు గుమ్మం ముందు అడుగుజాడలు చాలు.